ప్రెస్సు భాయ్‌కి సులువైన కంప్యూటర్

“ఇంట్లో పాత కంప్యూటర్ ఉంది సార్. దాంట్లో విండోస్ ఇక నడవదంటున్నారు. వేరే ఏదైనా వేసుకుందామనుకుంటున్నాం. మొదటిసారి వాడేవాళ్లకు ఏది సులువు?” అని ఇప్పటికీ ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తూనే ఉంటారు. రిటైరై కరీంనగర్‌లో ఇంటిపట్టున కూర్చున్నాక నాకు మిగిలిన పలుకుబడి ఇదొక్కటే. అడిగేవాళ్లు నేను టక్కున ఒక పేరు చెబుతానని ఎదురుచూస్తారు. చెప్పను. “వాడేది ఎవరు?” అంటాను. “మా అమ్మ” అంటారు. “మీ అమ్మ ఏం పని చేసేది?” అంటాను. అక్కడికి కొందరికి చిరాకొస్తుంది. ముసలాయనకు చాదస్తం ముదిరిందనుకుని మళ్లీ ఫోన్ చేయరు.

ఈ చాదస్తం నాకు పుట్టుకతో రాలేదు, ఆసిఫాబాద్‌లో అంటుకుంది. ఇప్పుడిప్పుడే ఇన్‌స్ట్రక్టర్లుగా చేరుతున్న పిల్లలు నన్ను అప్పుడప్పుడు సలహాలడుగుతుంటారు. సలహా ఇవ్వడం నాకు చేతకాదు గానీ, జరిగింది జరిగినట్టు చెప్పగలను.

ఉద్యోగం చివరి దశలో నన్ను ఆసిఫాబాద్‌లోని ఒక శిక్షణ సంస్థకు బదిలీ చేశారు. కంప్యూటర్ ట్రేడ్ ఇన్‌స్ట్రక్టర్‌ని. కరీంనగర్ నుంచి రోజూ పోయి రావడం అయ్యే పని కాదు కాబట్టి అక్కడే ఒక గది తీసుకుని, శనివారం సాయంత్రం బండెక్కి ఇంటికి వచ్చేవాణ్ణి. మా ల్యాబ్‌లో ఉన్న కంప్యూటర్లు నాకంటే ముందే రిటైర్ కావలసినవి. కొత్త విండోస్ వాటికి ఎక్కదు. పాతదానికేమో అప్‌డేట్లు ఆగిపోయాయి. పిల్లల పెన్ డ్రైవులు తెచ్చే వైరస్‌లతో విసిగిపోయి, ఒక వేసవి సెలవుల్లో ల్యాబ్ మొత్తానికి విండోస్ బదులు లినక్స్ ఎక్కించాను. ఉచితం, తేలిక, వైరస్‌ల గోల తక్కువ. అవి మళ్లీ చకచకా నడుస్తుంటే నాకు కొత్తగా దీక్ష పుచ్చుకున్నవాడి ఉత్సాహం వచ్చింది. చాయ్ తాగడానికి వచ్చినవాణ్ణి కూడా కూర్చోబెట్టి లినక్స్ మంచిదని చెప్పి పంపేవాణ్ణి.

స్టాఫ్ రూంలో నాకు చెరో పక్కన ఇద్దరు కూర్చునేవాళ్లు. ఒకరు ఎలక్ట్రీషియన్ ట్రేడ్ సారు. ఊరివాడే. ఎవరింట్లో ఏం వండారో కూడా తెలిసిన మనిషి, నోటికి తాళం లేదు. ఇంకొకరు హుస్నాబాద్ నుంచి గెస్ట్ ఫ్యాకల్టీగా వచ్చిన అమ్మాయి. వయసులో నా కూతురంత ఉంటుంది, కంప్యూటర్ విద్యలో మాత్రం నన్ను ఏ రోజూ గెలవనిచ్చింది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం మా గేటు ముందు ఆటో ఆగింది. అందులోంచి ఒకావిడ, దుప్పట్లో చుట్టిన మూటనొకదాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని దిగింది. నల్ల బురఖా, ముఖం మీది పరదా వెనక్కి వేసుకుని ఉంది. తిన్నగా మా గదికి వచ్చి మూట నా బల్ల మీద పెట్టి విప్పింది. లోపల కంప్యూటర్ పెట్టె.

“సారూ, గిది లేస్తలేదు. జర చూస్తరా?”

“ఇక్కడ రిపేర్లు చెయ్యమమ్మా, ఇది పిల్లలు చదువుకునే చోటు” అన్నాను.

ఎలక్ట్రీషియన్ సారు కుర్చీలోంచి లేచి, తన కుర్చీ ఆమె వైపు జరిపాడు. “ఏ, ఆగుండ్రి సారూ. ఈమె ప్రెస్సు భాయ్ ఇంటామె. కూసో చెల్లె.”

ప్రెస్సు భాయ్ అంటే నాకూ తెలుసు. బజార్లో చిన్న ప్రింటింగ్ ప్రెస్సు ఆయనది. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్లయినా కార్డు అక్కడ పడాల్సిందే. మా సంస్థ వార్షికోత్సవం ఆహ్వానాలు కూడా ఆయనే కొట్టేవాడు. ఎక్కువ మాట్లాడడు. చెవి మీద పెన్సిల్ పెట్టుకుని, మనం చెబుతున్న పేర్లు వింటూ, మన ముఖంలోకే చూస్తూ టైపు చేసేవాడు. కీబోర్డు వైపు చూడగా నేనెప్పుడూ చూడలేదు. మనం చివరి పేరు చెప్పి నోరు మూసేసరికి తెర మీద కార్డు తయారుగా ఉండేది. ప్రూఫ్‌లో తప్పు దొరికితే నాలుక టక్కుమనిపించి సరిచేసేవాడు, మనదే తప్పన్నట్టు.

వానాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చిందని విన్నాను. చూడ్డానికి పోదాం పోదాం అనుకుంటూనే పోలేదు.

“కుడి చెయ్యి వడిపోయింది సారూ, నోరు వడిపోయింది” అంది ఆమె. “మంచిర్యాల పెద్ద డాక్టర్‌కు చూపిచ్చినం. మాట ఇప్పట్ల రాదన్నడు. మతి ఉన్నదా లేదా మాకేం ఎర్కైతలేదు. ఎడమ చేత్తోని రాయమంటే గీతలు గీసి కాయితం అవతల పారేసిండు. ఏదడిగినా తలకాయ ఊపుతడు. ‘అన్నం తింటవా’ అంటే ఊపుతడు, ‘తినవా’ అన్నా ఊపుతడు.”

“డాక్టరేమన్నాడమ్మా?”

“‘రోజు చేసే పని చేపియ్యుండ్రి, నోరు చెప్పంది చేతులు చెప్తయేమో’ అన్నడు. గందుకే ప్రెస్సుల కెల్లి గీ డబ్బా ఇంటికి తెచ్చిన. ఆయన టైపు కొడ్తే మతి ఉన్నట్టు. కొట్టకపోతే...” అని ఆగి, దుప్పటి మడతలు సరిచేసుకుంటూ కూర్చుంది.

ఆ తర్వాత నాకు నియమాలు గుర్తుకు రాలేదు. పెట్టె విప్పాం. హార్డ్ డిస్క్ లోపల టిక్ టిక్‌మని గోడగడియారంలా కొట్టుకుంటోంది. అంటే పని అయిపోయినట్టే. అందులో ఉన్న పాత విండోస్, కార్డులు చేసే పాత ప్రోగ్రాం, ఏళ్ల తరబడి కొట్టిన కార్డులు అన్నీ పోయాయి. ఎలక్ట్రీషియన్ సారు తన ఇంట్లో అటక మీద పడి ఉన్న కంప్యూటర్ నుంచి మంచి డిస్క్ ఒకటి పీక్కొచ్చాడు. ఇక ఏది ఎక్కించాలన్న దగ్గర మా ముగ్గురికీ వాదన మొదలైంది.

“ఊరంత నడిచే దొంగ విండోస్ ఎక్కియ్యరాదుండ్రి, ఎవలడిగిండ్రు?” అన్నాడు ఆయన.

నేను ఒక పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. రాజ్యాంగం నుంచి మొదలుపెట్టినట్టున్నాను. గెస్ట్ ఫ్యాకల్టీ అమ్మాయి ఓపికగా విని, “సార్, లినక్సే వేద్దాం. గని ఏ రకం? ఉబుంటు ఐతే కొత్తగుంటది, అందంగుంటది” అంది.

“అందం ఎవరికమ్మా? మింట్ వేద్దాం. కింద ఎడమ మూల బటన్, దాని మీద నొక్కితే అన్నీ వరసగా కనిపిస్తాయి. పాత విండోస్‌కి అలవాటు పడ్డవాళ్లకు బెదురు పుట్టదు. అందులోనూ పాత మిషన్లకు సరిపడే తేలిక రకం ఉంది” అన్నాను.

ఒక పూటంతా వాదించుకున్నాం. చివరికి పెన్ డ్రైవ్ మీంచే రెండూ నడిపించి చూశాం. ఇది మీరూ గుర్తుపెట్టుకోండి: డిస్క్‌లోకి ఎక్కించకముందే పెన్ డ్రైవ్ మీంచి నడిపి, నచ్చకపోతే పక్కన పెట్టేయొచ్చు. ఆ పాత పెట్టె మీద ఉబుంటు ఆయాసపడింది, మింట్ నడిచింది. ఆ అమ్మాయి ఒప్పుకుంది, కానీ తెలుగు టైపింగ్ మాత్రం తన ఇష్టం ప్రకారమే పెట్టింది. “ఇంగ్లిష్ అక్షరాలల్ల అమ్మ అని కొడితే తెలుగుల అమ్మ అని పడ్తది సార్. ఇంతకంటే సులువు లేదు. చిన్నపిల్లలకైనా వస్తది.” నాకూ అదే సబబనిపించింది. తెర మీద నొక్కడానికి మూడే మూడు బొమ్మలు ఉంచాం. అక్షరాలు పెద్దవి చేశాం. రోగి కదా, కంటికి ఇబ్బంది ఉండకూడదని వెనక రంగు కూడా లేత ఆకుపచ్చ పెట్టాం. పని పూర్తయ్యాక ముగ్గురం దాని ముందు నిలబడి ఎంత మురిసిపోయామో చెబితే ఇప్పుడు నవ్వొస్తుంది.

మరుసటి రోజు నేనూ ఆ అమ్మాయీ దాన్ని వాళ్లింటికి తీసుకెళ్లాం. బజారు వెనక సందులో రెండు గదుల ఇల్లు. కిటికీ పక్కన కుర్చీలో ప్రెస్సు భాయ్ కూర్చుని ఉన్నాడు. ఉతికిన లాల్చీ, దువ్విన గడ్డం. కుడి చేయి ఒళ్లో దిండు మీద ఉంది. చెవి మీద పెన్సిల్ లేదు. నేను నమస్తే పెడితే తల ఊపాడు. నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియలేదు.

“ఆయన ముందల మాట్లాడుతున్నం అని ఫికర్ చెయ్యకుండ్రి సారూ” అంది ఆమె, నేను గొంతు తగ్గిస్తుంటే. “మనిషి ఉన్నడు గని, లేనట్టే.”

కంప్యూటర్ వెలిగింది. అంతవరకు కిటికీ వైపు ఉన్న ఆయన ముఖం ఇటు తిరిగింది. ఎడమ చేయి కీబోర్డు మీదికి వచ్చింది. ఆ చేత్తోనే కుడి చేతిని ఎత్తి, చూపుడు వేలు ఒక్కటి ఆనేలా కీల మీద పెట్టుకున్నాడు. వేళ్లు కదిలాయి. ఎడమ చేతివే, కుడి పక్క కీలకూ అవే వెళ్లాయి; నెమ్మదిగానే, కానీ తడుముకోకుండా కదిలాయి. కీల వైపు చూడలేదు.

తెర మీద పడింది చూశాను. అర్థం పర్థం లేని అక్షరాలు. ఏ మాటా కాదు. ఆయన తెర వైపు చూశాడు. అంతా చెరిపేశాడు. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే చెత్త. ఈసారి చాలాసేపు చూశాడు. తర్వాత ఎడమ చేత్తో కీబోర్డును మెల్లగా ముందుకు నెట్టేశాడు.

“ఏం కొట్టిండు సారూ?” అంది ఆమె. “నాకు తెలుగు సదవరాదు. మాది బల్లార్షా దిక్కు, మరాఠీ బడికి వోయిన. చెప్పుండ్రి, ఏం కొట్టిండు?”

నేను గెస్ట్ అమ్మాయి వైపు చూశాను. ఆ అమ్మాయి నేల చూపులు చూస్తోంది. “కొత్త కదమ్మా, అలవాటు కావాలి” అన్నాను. ఆమె నమ్మింది. ఆయన నమ్మలేదు. చదవడం వచ్చినవాడు. తన వేళ్ల కింది నుంచి వచ్చింది మాట కాదని ఆయనకు తెలిసిపోయింది. నా వైపు చూసిన ఆ చూపు నాకు ఇంకా కళ్ల ముందే ఉంది. తనకు మతి పోయిందని ఆ క్షణం వరకు ఆయన అనుకోలేదు. మేం తీసుకెళ్లిన కంప్యూటర్ చూశాకే అనుకున్నాడు.

కొన్నాళ్ల తర్వాత ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి మూట లేదు.

“తలకాయ ఊపుడు గూడ బందువెట్టిండు సారూ. రోజు పొద్దుగాల కంప్యూటర్ ముందు కూసోవెడ్తున్న. కొడ్తడు, చూస్తడు, మొకం గోడ దిక్కు తిప్పుకుంటడు. మా తమ్ముడు ఏమంటుండంటే, ‘ఇగ ఆయన్ను పరేషాన్ చెయ్యకు, ఇడిసిపెట్టు’ అంటుండు. ఇడిసిపెట్టాల్నా సారూ? మీరే చెప్పుండ్రి, మీరు సదువుకున్నోళ్లు.”

ఆమె తన ఫోన్ తీసి ఫొటోలు చూపించింది. ఎవరైనా చదివి చెబుతారేమోనని రోజూ తెరను ఫొటో తీసిందట. “గదే కొడ్తడు సారూ, రోజు గదే” అంటూ ఒక్కొక్కటే జరిపింది. నేను మర్యాద కోసం చూసి, నాకు పంపమన్నాను. ఆమె పంపి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే ఎలక్ట్రీషియన్ సారు తమ్ముడి కొడుకు పెళ్లి. ఆయన స్టాఫ్ రూంలో కార్డులు పంచుతూ నా బల్ల మీద కూడా ఒకటి పెట్టాడు. “కరీంనగర్ల కొట్టిపిచ్చిన. ప్రెస్సు భాయ్ ఉంటె గింత దూరం ఎందుకు వోదును” అన్నాడు. నేను ఫోన్‌లో ఆ ఫొటోలే చూస్తూ కూర్చున్నాను. మొదటిరోజుదీ నిన్నటిదీ పక్కపక్కన పెట్టి చూశాను. నిజంగానే అక్షరం తేడా లేదు. అప్పుడు నాకు మొదటిసారి ఒక అనుమానం వచ్చింది. మతి తప్పినవాడు రోజుకో తప్పు చేస్తాడు. రోజూ ఒకే తప్పు, అదీ పొల్లుపోకుండా ఎలా చేస్తాడు? ఇంకొంచెం చూస్తే అవి మూడు ముక్కలు. మూడింటి చివరా ఒకే అక్షరాలు.

ఫోన్ పక్కనే పసుపు అంటిన కార్డు ఉంది. దాని నెత్తిన, నడిమధ్యలో, అన్ని కార్డుల మీదా ఉండే ఆ మూడు మాటలు: శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు.

నేను లేచి నిలబడ్డాను. ఆ అమ్మాయిని పిలిచి ఫోన్, కార్డు రెండూ చూపించాను. ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి, “సార్!” అని కుర్చీలో కూలబడింది.

ప్రెస్సుల్లో తెలుగు కొట్టే పద్ధతి వేరు. పాత ప్రోగ్రాంలతో వచ్చిన కీబోర్డు వరస అది. ఏ అక్షరం ఎక్కడుందో కీల మీద రాసి ఉండదు. వేళ్లకు తెలిసి ఉండాలి, అంతే. ప్రెస్సు భాయ్ జీవితంలో ఇంకో వరస ముట్టుకోలేదు. ఆయన దృష్టిలో కీబోర్డంటే అదే. ప్రెస్సులో మిషన్ రిపేరై రాగానే ఆయన మొదట కొట్టి చూసేది ఆ మూడు మాటలే. మా కంప్యూటర్ ముందు కూడా అదే చేశాడు. వేళ్లు ఒక్కసారి కూడా తప్పలేదు. ఇంగ్లిష్ అక్షరాల లెక్కన వాటిని చెత్త చేసింది మేం పెట్టిన ఆ ‘సులువైన’ పద్ధతి.

ఎలక్ట్రీషియన్ సారుకు విషయం అర్థమయ్యేసరికి కాసేపు పట్టింది. కార్డును తిప్పి తిప్పి చూశాడు. తర్వాత అన్నాడు: “మనం ముగ్గురం ఆయన వేళ్లు చూసినోళ్లమే గదా సారూ. రోగం చూసినం గని మనిషిని చూడకపోతిమి.”

ఆ శనివారం కరీంనగర్‌లో దిగగానే ఇంటికి పోకుండా ప్రెస్సులుండే సందుకు వెళ్లాను. ఒక కుర్రాడు పెళ్లి కార్డు చేస్తున్నాడు. ప్రెస్సుల్లో నడిచే వరసలు రెండు మూడున్నాయి. ప్రెస్సు భాయ్‌ది ఏదో తేలాలి. ఆ మూడు మాటలు కొట్టమని, ఏ మాటకు ఏ కీలు పడుతున్నాయో రాసుకున్నాను. ఆ కీలనే మా పద్ధతిలో కొట్టి చూస్తే ఫొటోలో ఉన్న చెత్తే వచ్చింది. పెళ్లివారికి సంబంధం కుదిరినంత సంతోషం వేసింది. ఇక మిగతా అక్షరాలన్నీ చెప్పమంటే ఆ కుర్రాడు తల గోక్కున్నాడు. “చెప్పుడు రాదు సార్. నోటితోని అడిగితె యాదికి రాదు, కొడితెనే వస్తది.” అందుకని నేను ఒక్కో మాట చెప్పడం, అతను కొట్టడం, నేను రాసుకోవడం. మధ్యలో అతని గిరాకులు నన్ను చూసి నవ్వుకున్నారు. “ఎవలికి సార్ గిదంత?” అని అడిగాడు. “పని తెలిసినాయనకు” అన్నాను.

లినక్స్‌లో నాకు నచ్చే గుణం ఒకటుంది. లేని వరసను మనమే రాసి పెట్టుకోవచ్చు. ఆ అమ్మాయీ నేనూ క్లాసులయ్యాక ల్యాబ్‌లో కూర్చుని రాశాం. అది అనుకున్నంత తేలిగ్గా కాలేదు. ప్రెస్సు పద్ధతిలో అక్షరాన్ని ముక్కలు ముక్కలుగా పేరుస్తారు: తలకట్టు వేరు, వత్తు వేరు, కొమ్ము వేరు. ఆ ముక్కలన్నీ మళ్లీ ఒక అక్షరంగా అతుక్కోవాలి. క్షలు, జ్ఞలు మమ్మల్ని ఏడిపించాయి. అన్నీ కుదిరిన రోజు ఆ అమ్మాయి పెన్ డ్రైవ్‌ను కొంగుకు ముడివేసుకున్నట్టు గుప్పిట్లో పట్టుకుని, “పోదాం పదండి సార్, ఇంక నాతోని ఆగుడు కాదు” అంది.

మేం వెళ్లేసరికి ప్రెస్సు భాయ్ కుర్చీ గోడ వైపు తిప్పి ఉంది. కంప్యూటర్ మీద తువ్వాలు కప్పి ఉంది. ఆమె, “రానియ్యడు సారూ, దాని దిక్కే చూస్తలేడు” అంది. ఏదైనా చెప్పి, అది మళ్లీ పనిచేయకపోతే ఆ చూపును ఇంకోసారి చూసే ధైర్యం నాకు లేదు. కొత్త వరస ఎక్కించి, ఆయనకు తెర కనిపించేలా బల్ల జరిపి, నేనే టైపు చేయడం మొదలుపెట్టాను.

ఆ వరస నా చేతికి కొత్త. కాగితం చూసుకుంటూ ఒక్కో కీ వెతుక్కుంటున్నాను. శ్రీ పడింది. ర పడింది. తర్వాత ఏదో నొక్కబోయి ఇంకేదో నొక్కాను. చెరిపాను. మళ్లీ తప్పు కొట్టాను.

వెనక నుంచి టక్ అని వినిపించింది. నాలుక చప్పుడు.

నేను తిరిగి చూడలేదు. ఇంకో తప్పు కొట్టాను. ఈసారి మాత్రం కావాలనే కొట్టాను. కుర్చీ కీచుమంది. ఎడమ చేయి ఒకటి నా భుజం మీదుగా వచ్చి నా చేతిని పక్కకు తోసేసింది. నేను లేచి నిలబడ్డాను. ఆ చేతి వేలు ఒకటి తప్పును చెరిపింది. వేళ్లు కదిలాయి.

శ్రీరస్తు. శుభమస్తు. అవిఘ్నమస్తు.

అంతటితో ఆగలేదు. ఆ మూడు మాటల్నీ తెర మధ్యకు జరిపాడు. ఎడమ పక్కకు ఉంటే ఆయన కంటికి ఆనదు. తర్వాత చేయి తీసేసి అలా చూస్తూ ఉండిపోయాడు. గెస్ట్ అమ్మాయి చున్నీతో కళ్లు ఒత్తుకుంటోంది. ఆయన భార్య మా ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది.

ఆయన మళ్లీ వంగాడు. కింద ఇంకో లైనులో కొట్టాడు. ఈసారి పెళ్లి కార్డు మాటలు కావు.

“ఏం కొట్టిండు సారూ?” అంది ఆమె.

అక్షరాలు తెలుగువే, మాట తెలుగు కాదు. వాళ్లిద్దరూ ఇంట్లో మాట్లాడుకునే ఉర్దూ మాట. ఆయన వేళ్లకు తెలుగు లిపి ఒక్కటే వచ్చు. అందుకని భార్యతో చెప్పాల్సిన మాటను ఆ లిపిలోనే పెట్టాడు. నేను పైకి చదివాను:

“మై హూ.”

నేనున్నాను అని. ఆమె చేయి గోడకు ఆనించుకుంది. ఆయన ఇంకా కొడుతున్నాడు. నేను చదువుతున్నాను. “సబ్ సున్రౌ. తేరా భాయ్ బోల్యా సో బీ సున్యా.” అన్నీ వింటున్నాను, నీ తమ్ముడు అన్నది కూడా విన్నాను.

“యా అల్లా” అని ఆమె నోటి మీద చేయి పెట్టుకుంది. తమ్ముడు ఏమన్నాడో ఆమె నాకు ముందే చెప్పింది. ఏడుస్తూనే కంగారు పడటం, కంగారులోనే నవ్వడం ఆమె ముఖంలోనే చూశాను. “మొదటిది మల్లొక్కసారి సదువుండ్రి సారూ” అంది. చదివాను. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. ఉద్యోగంలో నేను ఎన్ని పాఠాలు చదివి ఉంటానో. ఏ పాఠాన్నీ ఇన్నిసార్లు అడిగి చదివించుకున్నవాళ్లు లేరు.

మనిషికి మతి ఉందని ఊరందరికీ తెలిసిపోయింది. ఎలక్ట్రీషియన్ సారుకు తెలిస్తే ఊరికి తెలిసినట్టే కదా. ఇక్కడితో కథ అయిపోవాలి. కాలేదు. ఆయన పొద్దున్నుంచి కొడుతూనే ఉంటాడు, ఆమెకు చదవడం రాదు. పక్కింటి పిల్లనో, కిరాణా షాపు అతన్నో పిలిచి చదివించుకోవాలి. ఒకసారి నన్ను కూడా పిలిచింది. వెళితే తెర మీద ఉన్నది ‘పప్పులో ఉప్పు ఎక్కువైంది’ అని.

“గిట్ల కాదు సారూ” అంది ఆమె. “మొగడు పెండ్లాం మాట్లాడుకుంటే నడుమ ఊరంత కూసుంటుంది. గీ అక్షరాలు నాకు వస్తయా?”

అప్పటికి తెలిసింది, ఆ ఇంట్లో నిజంగా కంప్యూటర్‌కు కొత్తవాళ్లు ఎవరో. మేం పెట్టిన మూడు బొమ్మలు, పెద్ద అక్షరాలు, లేత ఆకుపచ్చ, మూలలో బటన్, ఏదీ వృథా పోలేదు. పొద్దున్నే ఆమె కంప్యూటర్ వేస్తుంది, బొమ్మ మీద నొక్కుతుంది. ఆయన తెర నిండా ఒకే ఒక అక్షరం కొడతాడు. ఆమె చెప్పాలి. తప్పు చెబితే టక్‌మని చప్పుడు. “గంత కోపం ఎందుకయ్యా, నేనేమన్న నీ ప్రూఫునా?” అని ఆమె తిట్టడం ఒకసారి నేను వాకిట్లో ఉండగానే విన్నాను.

నా రిటైర్మెంట్ ముందు వారం వాళ్ల దగ్గర సెలవు తీసుకుందామని వెళ్లాను. ఆయన చెవి మీద పెన్సిల్ ఉంది. రాయడానికి కాదు, ఊరికే ఉంది. ఆమె చాయ్ ఇచ్చింది. కరీంనగర్‌లో ఇల్లెక్కడ, పిల్లలేం చేస్తున్నారు అని అడిగింది. ఆయన వింటూ, ఉన్నట్టుండి కీబోర్డు దగ్గరికి జరిగి ఏదో కొట్టాడు. అలవాటు కొద్దీ నేను తెర వైపు వంగి నోరు తెరిచాను.

“మీరు సదవకుండ్రి సారూ” అని ఆమె అడ్డుకుంది. “నేను సదువుత.”

కొంగు నడుముకు దోపి, తెర మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. “సా... ర్... సార్. గ... యే... గయే. బా... ద్...” అక్కడ ఆగింది. ఆయన వైపు చూసింది. ఆయన తనకేమీ తెలియనట్టు కిటికీలోంచి సందులోకి చూస్తున్నాడు. ఆమె మిగిలింది పైకి చదవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వుతోంది.

నేను అప్పటికే చదివేశాను. సార్ వెళ్లాక చెబుతాడట.

గ్లాసులో చాయ్ ఇంకా సగం ఉంది. కింద పెట్టి చెప్పులు వెతుక్కున్నాను.